ఉద్యానవర్ణనలో కనపడని తోటమాలి

1

మహాకావ్యానికి పద్దెనిమిది వర్ణనలు వుండాలని లాక్షణికులు నియమం పెట్టారు. వాటిలో ఉద్యానవిహారం ఒకటి. మన ప్రబంధకవులు ఆ నియమాన్ని ఎంతో ఇష్టంగా పాటించారు. మామిళ్లు, మల్లెలు, కోకిలలు, తుమ్మెదలు అన్నీ పేరుపేరునా పద్యాల్లోకి వచ్చాయి. నాయిక చెలికత్తెలతో కలిసి పూలు కోయడం వచ్చింది. ఆమె అలసట వచ్చింది. నుదుటి చెమట కూడా వచ్చింది. అయితే ఆ చెమట శృంగారానికి పనికివచ్చే చెమట. ఆ తోటకు పాదులు తీసినవాడెవరు, ఎండాకాలంలో నీళ్లు మోసినవాడెవరు, అతనికి కూలి ఇచ్చారా, వెట్టి చేయించుకున్నారా అనే ప్రశ్న ఆ పద్యాలు చదివేటప్పుడు మనకు సాధారణంగా తోచదు. తోచకుండా చేయడంలోనే ఆ వర్ణన నేర్పు వుంది.

శాకుంతలం మొదటి అంకం గుర్తుచేసుకుందాం. కణ్వాశ్రమంలో శకుంతల, ఆమె చెలులు మొక్కలకు నీళ్లు పోస్తుంటారు. దుష్యంతుడు చెట్టుచాటున నిలబడి చూస్తాడు. ఇంత సుకుమారిని ఇటువంటి పనికి పెట్టాడే ఆ ఋషి అని నొచ్చుకుంటాడు. నీళ్లు మోసే చేతి నొప్పి గుర్తించిన అరుదైన ఘట్టం ఇది, నిజమే. కాని రాజుకు ఆ నొప్పి ఎందుకు కనిపించింది? ఆ చెయ్యి అందమైనది గనుక. తన నగరంలో తన తోటకు నీళ్లు పోసే చేతులను గురించి ఆయన ఎన్నడైనా నొచ్చుకున్నట్లు నాటకంలో లేదు. తోటను చూడవచ్చిన ప్రభువు ఎలా చూస్తాడో మహాకవి మనకు తెలియకుండానే చెప్పేశాడు.

మా ప్రాంతం పేరే ఉద్దానం. ఉద్యానమన్న మాటే జనం నోట ఉద్దానమయిందని పెద్దలు చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు - ఈ తీరమంతా కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలు. మరో కోనసీమ అని పత్రికలు రాస్తాయి. వచ్చినవాళ్లు చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు, పోతారు. ఈ వూళ్లలో తెలుగు పాఠం చెప్పే వాడికి ఉద్యానవర్ణన పద్యం చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఒక ఇబ్బంది వుంది. ఎదురుగా కూర్చున్న పిల్లల్లో సగంమంది ఇళ్లలో పొద్దున్న లేస్తే తోటపనో, జీడిపిక్కల పనో తప్ప మరొకటి లేదు. వాళ్లకు తోట వర్ణించవలసిన వస్తువు కాదు, పోవలసిన పని.

బంధించిన మనుషుల శ్రమతో పెరిగిన తోటలు ప్రపంచమంతటా వున్నాయి. వాటిలో కొన్ని ఈనాడు విహారస్థలాలు. వాటిని చూడబోయే మనిషికి, వాటిని గురించి రాసే రచయితకు, ఆ రాతను తూచే విమర్శకుడికి వుండవలసిన దృష్టి ఏమిటన్నదే ఇక్కడ చర్చించదలచిన విషయం.

2

మొదట సముద్రానికి అవతలి తోట ఒకటి చూద్దాం. అవతలిదే అయినా మన జిల్లాకు దానితో సంబంధం వుంది. అది తర్వాత చెబుతాను. మారిషస్ ద్వీపంలో పాంప్లెమూస్ అనే చోట ఒక పాత వృక్షోద్యానం వుంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి గవర్నరు లా బూర్దొనే కూరగాయల తోటగా మొదలుపెట్టించాడు. 1767 తర్వాత పాలనాధికారిగా వచ్చిన పియర్ ప్వావ్ర్ జాజికాయ, లవంగం మొక్కలు దూరదేశాల నుంచి తెప్పించి అక్కడ పాతించాడు. పళ్లెమంత ఆకుల పెద్ద కలువలు, తాళవృక్షాలు చూడడానికి ఈనాడు దేశదేశాల యాత్రికులు వస్తారు. 1988 నుంచి దానికి సర్ శివసాగర్ రామ్‌గులామ్ పేరు. ఆయన స్వతంత్ర మారిషస్ తొలి ప్రధాని. చెరకుతోట పనికి బీహారు నుంచి వచ్చిన కూలీ కొడుకు.

ప్వావ్ర్ మొక్కలు తెప్పించిన రోజుల్లో ఆ ద్వీపంలో పనిచేసినవారు బానిసలు. మొజాంబిక్ నుంచి, మడగాస్కర్ నుంచి ఎక్కువమందిని, మన దేశపు తీరాల నుంచి కొందరిని తెచ్చారు. 18వ శతాబ్దం చివరికి ద్వీపంలో ప్రతి అయిదుగురిలో నలుగురు బానిసలే. ఒక మొక్క ఎక్కడి నుంచి వచ్చింది, ఏ సంవత్సరం పాతారు, ఎవరు పాతించారు - ఇవన్నీ వృక్షశాస్త్రంలో నమోదయ్యాయి. పాతిన మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో అంత శ్రద్ధగా రాసిపెట్టినవారు లేరు.

ఈ ద్వీపాన్ని యూరపు పాఠకులకు ఆరాధ్యం చేసిన పుస్తకం ఒకటుంది. బెర్నార్దిన్ ద సాఁ-పియర్ 1788లో అచ్చు వేయించిన 'పాల్ ఎ వర్జినీ' నవల. రెండు ఫ్రెంచి కుటుంబాలు నాగరికతకు దూరంగా ప్రకృతి ఒడిలో బతుకుతాయి. పిల్లలిద్దరూ తోట పెంచుకుంటూ, నిర్మలంగా ప్రేమించుకుంటూ ఎదుగుతారు. చదువుతుంటే మనసు కరిగే నవలే. కాని ఈ నిర్మల కుటుంబాలకు దొమింగ్, మరీ అనే ఇద్దరు నల్లబానిసలు వున్నారు. ప్రకృతి ఒడి అంటే వాళ్లు దున్నిన నేల.

నవలలో అసలు పట్టు ఒక ఘట్టంలో వుంది. ఒక బానిసస్త్రీ యజమాని దెబ్బలు పడలేక పారిపోయి వస్తుంది. ఆకలితో, మచ్చలు పడ్డ వంటితో వచ్చిన ఆమెను చూసి వర్జినీ జాలిపడుతుంది, అన్నం పెడుతుంది. తర్వాత ఏం చేస్తుంది? ఆమెను వెంటబెట్టుకుని యజమాని దగ్గరికే తీసుకుపోయి క్షమించమని బతిమాలుతుంది. యజమాని సరేనంటాడు. పిల్లలు సంతోషంగా తిరిగి వస్తారు. తీరా తర్వాత తెలిసేదేమిటంటే, ఆ స్త్రీకి సంకెళ్లు వేసి, మెడకు ఇనపపట్టీ తగిలించి శిక్షిస్తున్నారని. కథ అక్కడ కాసేపు ఆగి, మళ్లీ తోటలోకి, ప్రేమలోకి వెళ్లిపోతుంది.

ఇదే రచయిత అంతకు పదిహేనేళ్లు ముందు, 1773లో, ద్వీపయాత్ర గురించి రాసిన పుస్తకంలో బానిసల పట్ల జరిగే క్రూరత్వాన్ని గట్టిగా ఖండించాడు. అంటే ఆయనకు తెలియక కాదు. తెలిసిన నిజం యాత్రాకథనంలో ఆరోపణగా వుంది. నవలలోకి వచ్చేసరికి జాలి అయింది. జాలికి, న్యాయానికి మధ్య తేడా చెప్పమంటే నేను ఈ ఘట్టాన్నే చూపిస్తాను. జాలి బానిసకు అన్నం పెట్టి యజమానికి అప్పగిస్తుంది. యాజమాన్యాన్ని అది ప్రశ్నించదు. ఇటువంటి కరుణరసాన్ని మానవతావాదమని పొగిడే అలవాటు మన విమర్శలోనూ వుంది.

3

ఇప్పుడు మన సంబంధం. 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. రద్దు సమయంలో బ్రిటిష్ పార్లమెంటు తన సామ్రాజ్యంలోని యజమానులకు 2 కోట్ల పౌండ్లు నష్టపరిహారం ఇచ్చింది. మారిషస్ యజమానుల వాటా 20 లక్షలకు పైమాటే. విడుదలైన 60 వేలకు పైగా మనుషులకు ఒక్క పౌండు ఇవ్వలేదు సరికదా, అప్రెంటీసులనే పేరుతో 1839 దాకా పాత యజమానుల దగ్గరే కట్టిపడేశారు. ఆస్తి పోయినవాడికి పరిహారం దక్కింది. ఆస్తిగా బతికినవాడికి ఏమీ దక్కలేదు. పెట్టుబడి లెక్కల పుస్తకం ఎలా రాస్తుందో దీనికంటే స్పష్టమైన వుదాహరణ అక్కర్లేదు.

చెరకుతోటలకు కొత్త చేతులు కావలసి వచ్చాయి. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి ఒప్పందపు కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. అప్పటి నుంచి 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా సుమారు నాలుగున్నర లక్షలమంది అలా వెళ్లారు. ఎక్కువమంది బీహారు వైపువారు. మద్రాసు రాష్ట్రపు రేవుల నుంచి వెళ్లినవారిలో మన గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు వున్నారు. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా టెక్కలి, సోంపేట ప్రాంతాలు గంజాం జిల్లాలోనివేనని మరిచిపోకూడదు. 1866 కరువు ఒరిస్సాతోపాటు గంజాంను కూడా తుడిచిపెట్టింది. కూడు లేని వూరికి ఏజెంటు చెప్పే మాట తీపిగానే వుంటుంది.

మారిషస్ ఒక్కటే కాదు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరినప్పటి నుంచి నేటాల్ చెరకుతోటలకు తెలుగువారు వెళ్లారు. 1903 తర్వాత మద్రాసు నుంచి ఫిజీకి వెళ్లారు. మలయాలో పేరాక్ రాష్ట్రపు బగాన్ డాటో కొబ్బరితోటల్లో తెలుగు కూలీలు స్థిరపడ్డారు. కొబ్బరి తీరం మనిషి సముద్రం దాటి మళ్లీ కొబ్బరితోటలోనే తేలడం చరిత్రలో ఒక చేదు విచిత్రం. మేస్త్రీలిచ్చిన అడ్వాన్సులకు కట్టుబడి రంగం వెళ్లినవారి కథలు మా వూళ్లలో ఇంకా వినిపిస్తాయి.

ఈ కూలీతనాన్ని బానిసత్వమనవచ్చా? 1840లోనే బ్రిటిష్ మంత్రి లార్డ్ జాన్ రస్సెల్ ఇది కొత్తరకం బానిసత్వం కాగలదని భయపడ్డాడు. ఆ మాటనే హ్యూ టింకర్ 1974లో తన ప్రసిద్ధ చరిత్రగ్రంథానికి పేరుగా పెట్టుకున్నాడు. వాస్తవాలు చూస్తే ఆ మాటకు బలం వుంది. ఒప్పందం అయిదేళ్లు. పని మానితే అది సివిల్ తగాదా కాదు, నేరం, జైలు. మారిషస్‌లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. 1867 చట్టం తర్వాత ఒప్పందం ముగిసినవాడు కూడా ఫోటో అంటించిన చీటీ జేబులో లేకుండా రోడ్డెక్కితే పట్టుకునేవారు. కూలీలు తలదాచుకున్న ఎస్టేటు గుడిసెలు చాలాచోట్ల అంతకుముందు బానిసలు వున్నవే.

అయినా తేడా వుంది. ఆ తేడాను చెరపడం అభ్యుదయం కాదు. గిర్మిట్ కూలీని సంతలో వేలం వేయలేదు. అతని బిడ్డ పుట్టుకతో యజమాని సొత్తు కాలేదు. గడువు తీరాక కొందరైనా నేల కొనుక్కున్నారు, పిల్లలను చదివించుకున్నారు. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసకు గడువే లేదు. పేరు, భాష, దేవుడు అన్నీ లాగేశారు. మనవాళ్లు కూడా బానిసలే అని ఒక్క మాటతో కలిపేస్తే ఆ మనిషి బాధను మనం వాడుకున్నవాళ్లమవుతాం. కాదు, స్వేచ్ఛగా వెళ్లి బాగుపడ్డారు అంటే మన కూలీకి ద్రోహం చేసినవాళ్లమవుతాం. రెండూ తప్పే.

మన సాహిత్యసభల విషయం ఇక్కడ తడమక తప్పదు. ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లో, 1990లో మారిషస్‌లో జరిగాయి. రెండూ మనవాళ్లు తోటకూలీలుగా వెళ్లిన దేశాలే. తరాలు గడిచినా అక్కడి తెలుగువారు భాషను, రామభజనను, వుగాదిని నిలబెట్టుకున్నారని మనం పులకించిపోయాం. పులకించవలసిందే. మారిషస్‌లో వుగాది ప్రభుత్వ సెలవుదినం. కాని అదే దేశపు కేలండరులో ఫిబ్రవరి 1 సెలవు, నవంబరు 2 కూడా సెలవు. ఒకటి బానిసల విడుదల రోజు, రెండోది కూలీల రాక రోజు. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో యునెస్కో వారసత్వ స్థలమయితే, పారిపోయిన బానిసలు దాక్కున్న లె మోర్న్ కొండ 2008లో అయింది. ఆ దేశం 2009లో సత్యన్యాయ కమిషన్ వేసి, బానిసత్వం, ఒప్పందకూలీతనం రెండింటి ఫలితాలనూ విచారించి 2011లో నివేదిక తీసుకుంది. ఆ కేలండరులో మూడు రోజులూ వున్నాయి. మన పొగడ్తలో వుగాది ఒక్కటే వుంటుంది. ఓడ దిగిన క్షణం నుంచే చరిత్ర మొదలయినట్లు చెప్పుకుంటే, ఓడ దిగేసరికి ఆ గుడిసెలో అంతకుముందు వున్న మనిషి ఎవరనే ప్రశ్న మాయమవుతుంది.

హిందీలో అభిమన్యు అనత్ 1977లో 'లాల్ పసీనా' నవల రాశాడు. మారిషస్ కూలీల మనవడి తరం రచయిత ఆయన. చెరకు తీపి వెనుక ఎవరి చెమట వుందో చెప్పడానికి నవల పేరే చాలు. తెలుగు విమర్శకులు ఇటువంటి రచనలను మన వలససాహిత్యం పక్కన పెట్టి చదివితే, మహాసభల ఉపన్యాసాల్లో రాని విషయాలు ఎన్నో బయటపడతాయి.

4

ఇక అమెరికా. మన పిల్లలు వుద్యోగాలకు అక్కడికి వెళుతున్నారు, తల్లిదండ్రులు చూడబోతున్నారు, తిరిగి వచ్చి యాత్రాకథనాలు రాస్తున్నారు. దక్షిణ రాష్ట్రాల్లోని పాత ప్లాంటేషన్ల పూలతోటలు, ఓక్ చెట్ల బాటలు, తెల్ల స్తంభాల మేడలు చూడవలసిన స్థలాల జాబితాలో వుంటాయి. చాలాకాలం అక్కడి గైడులు మేడలోని గాజుదీపాల గురించి, తోటలోని పూల గురించి చెప్పి, బానిసల గుడిసెలను పక్కకు నెట్టారు. 2014 డిసెంబరులో లూసియానాలో విట్నీ ప్లాంటేషన్‌ను ప్రదర్శనశాలగా తెరిచినప్పుడు, మేడను కాక బానిసలను కేంద్రం చేశారు. 2019లో కొన్ని పెద్ద వివాహసేవా వెబ్‌సైట్లు అలాంటి చోట్ల పెళ్లిళ్లను ప్రోత్సహించబోమని ప్రకటించవలసి వచ్చింది. మరణశిబిరంలో పెళ్లి చేసుకోనివాడు ఇక్కడ ఎందుకు చేసుకుంటున్నాడు? తోట అందంగా వుంది గనుక.

ఈ అందం సమస్యను ఎదుర్కొన్న నవల టోనీ మారిసన్ రాసిన 'బిలవెడ్' (1987). అందులో సెథె అనే స్త్రీ కెంటకీలోని ఒక తోట నుంచి పారిపోయి వస్తుంది. ఆ తోట పేరు స్వీట్ హోమ్. ఏళ్లు గడిచాక కూడా ఆమెకు ఆ చోటు కళ్లముందు మెదులుతుంది. భయంకరంగా కాదు, అందంగా. ఆ చెట్లకు వేలాడిన కుర్రాళ్లకంటే ముందు ఆ చెట్లు గుర్తుకొస్తాయి. తన జ్ఞాపకమే తనను మోసం చేస్తున్నదని ఆమె సిగ్గుపడుతుంది. ఆమె వీపు మీద కొరడాదెబ్బల మచ్చలు కొమ్మలు వేసిన చెట్టులా కనిపిస్తాయి. తోటలోని చెట్టు ఒకటి, వీపు మీది చెట్టు ఒకటి. యాత్రికుడికి మొదటిదే చూపిస్తారు. రెండోదాన్ని చూపించడం సాహిత్యం పని.

సెథెను వెతుక్కుంటూ యజమాని వస్తాడు. బిడ్డలు మళ్లీ ఆ తోటకు పోకూడదని ఆమె తన పసికందును తన చేతులతోనే చంపుతుంది. 1856లో మార్గరెట్ గార్నర్ అనే స్త్రీ విషయంలో నిజంగా జరిగిన సంఘటన దీనికి ఆధారం. ఈ ఘట్టం చదివిన శ్రీకాకుళం పాఠకుడికి ఒక కథ గుర్తుకు రాకుండా వుండదు. అది కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం'.

1960లలో వచ్చిన 'యజ్ఞం'లో అప్పల్రాముడి అప్పు గురించి పంచాయతీ జరుగుతుంది. ధర్మం, న్యాయం, మాట నిలబెట్టుకోవడం - అందరూ మర్యాదగానే మాట్లాడతారు. ఎవరూ కొరడా పట్టుకోరు. అప్పు తీరాలంటే భూమి పోవాలి. భూమి పోతే బిడ్డలు పాలేరుతనంలోకి పోవాలి. చివరికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన బిడ్డను చంపి తెచ్చి ఆ పెద్దల ముందు పెడతాడు. ఈ ముగింపు మీద మన విమర్శకులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అసహజమన్నారు, బీభత్సమన్నారు, నిరాశావాదమన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత మరో ఖండంలో, 'యజ్ఞం'తో ఏ సంబంధమూ లేకుండా, మరో గొప్ప రచన అదే చర్య దగ్గరికి వచ్చింది. బిడ్డ బతుకు యజమాని ఖాతాలో ముందే రాసిపెట్టి వున్నచోట తల్లి లేదా తండ్రి చేతిలో మిగిలిన ఒకే ఒక అధికారం అటువంటిది. అసహజమైనది ఆ చర్య కాదు, దాన్ని పుట్టించిన సంబంధం.

ఇంకో పోలిక కూడా గమనించాలి. 'బిలవెడ్'లో తోట పేరు స్వీట్ హోమ్. 'యజ్ఞం'లో వూరి పేరు సుందరపాలెం. ఒకటి తీపి, మరొకటి అందం. ఇద్దరు రచయితలూ యజమాని పెట్టుకున్న అందమైన పేరును మార్చకుండా అలాగే వుంచి, దాని కింద వున్నదాన్ని తవ్వి చూపించారు. సుందరపాలెం అభివృద్ధి చెందిన వూరు. రోడ్డు వచ్చింది, బడి వచ్చింది. ఆ అభివృద్ధిని మెచ్చుకునే సందర్శకుడు పంచాయతీ జరిగిన రోజున వూరికి వచ్చి వుంటే ఏం రాసేవాడు?

మరొక్క మాట. 'బిలవెడ్'లో సెథెను వేటాడే యజమానికి రచయిత్రి పెట్టిన పేరు స్కూల్‌టీచర్. అతడు బానిసల కొలతలు తీసుకుంటాడు. వారి గుణాలు పుస్తకంలో రాయిస్తాడు. రాత పక్షపాతం లేనట్లు కనిపిస్తూ ఎవరి పక్షాన నిలబడగలదో ఆ పేరు చెబుతుంది. పలకా బలపం పట్టించే వృత్తిలో వున్నవాళ్లం ఆ పేరును తేలిగ్గా దాటిపోలేం.

5

పై తూనికరాళ్లతో ఇప్పుడు మా ఉద్దానాన్ని తూయాలి. తూచేటప్పుడు తొందరపాటు పనికిరాదు. ఉద్దానం లూసియానా కాదు. మారిషస్ ఎస్టేటు కాదు. ఇక్కడి తోటలు ఎక్కువగా చిన్న, సన్నకారు రైతులవి. ఇసుకలో నుయ్యి తవ్వి, కావిళ్లతో నీరు మోసి, ఇంటిల్లిపాదీ కష్టపడి పెంచుకున్న కొబ్బరిచెట్లు ఎన్నో వున్నాయి. ప్రతి తోటకూ ఒక దొరను కల్పించి కథ రాస్తే అది చరిత్రకు అన్యాయం.

అలాగని ఈ నేల మీద బంధితశ్రమ లేదని ఎవరూ అనలేరు. 1843 చట్టంతో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం భారతదేశంలో బానిసత్వాన్ని కోర్టులు గుర్తించకుండా చేసింది. కోర్టు గుర్తించకపోయినంత మాత్రాన షావుకారు ఖాతా ఆగలేదు. ముందుగా అప్పు తీసుకుని, ఏడాదికింతని కుదిరి, ఆ అప్పు తీరేదాకా కామందు ఇంటి గడప వదలలేని కంబారి ఈ జిల్లాకు కొత్త మనిషి కాదు. తండ్రి అప్పుకు కొడుకు పశువులకాపరి కావడం కొత్త కాదు. ఏజెన్సీలో గోతి పద్ధతి అదే. దాన్ని అదుపు చేయడానికి మద్రాసు ప్రభుత్వం 1940లో ప్రత్యేక రెగ్యులేషన్ తేవలసి వచ్చింది. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అంటే కంపెనీ చట్టానికి, ఈ చట్టానికి మధ్య 133 ఏళ్లు. ఈ మధ్యకాలమంతా బానిసత్వం లేదని కాగితం చెబుతూనే వుంది.

మందస జమీందారీ చరిత్ర కూడా తోటకూ అడవికీ చెందినదే. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, అడవి కలప మీద హక్కు కోసం జరిగిన పోరులో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసు కాల్పులకు సాసుమాను గున్నమ్మ, మరికొందరు రైతులు బలయ్యారు. చెట్టు ఎవరిది అన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో ప్రాణాలతో జవాబు చెప్పినవాళ్లు వాళ్లు. వీరగున్నమ్మను తలుచుకోకుండా మందస అందాల గురించి రాసే వ్యాసం అరవ్యాసమే.

ఇక ఈనాటి తోట. పలాస-కాశీబుగ్గ జీడిపప్పుకు పేరు మోసింది. జీడిమామిడి బ్రెజిల్ చెట్టు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు మన దేశానికి తెచ్చారు. ఆఫ్రికా మనుషులను బ్రెజిల్ తోటలకు బానిసలుగా మోసిన ఓడలు కూడా వారివే. జీడిపిక్క పెంకులోని నూనె చేతికి తగిలితే కాలుతుంది. పిక్క కొట్టడం, పొట్టు తీయడం, గుండు, బద్ద వేరుచేయడం - ఈ పనులు ఎక్కువగా ఆడవాళ్లవి. పెళ్లిలో వెండిపళ్లెంలో కనిపించే తెల్లటి పప్పు వెనుక నల్లబడిన వేళ్లు వున్నాయి. ఇప్పుడు మన దేశపు ఫ్యాక్టరీలకు ఐవరీకోస్ట్, ఘనా వంటి పశ్చిమాఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు దిగుమతి అవుతున్నాయి. బానిసలను ఓడ ఎక్కించేదాకా బంధించి వుంచిన ఎల్మినా, కేప్ కోస్ట్ కోటలు ఆ ఘనా తీరానే వున్నాయి. ఈ ఆడవాళ్లు బానిసలు కారు. కూలి తీసుకుంటున్నారు, సమ్మెకు దిగే హక్కు వుంది. ఆ తేడా విలువైనది. అయితే చెట్టు ప్రయాణాన్ని, చేతి ప్రయాణాన్ని కలిపి చూడగలిగితేనే మన కథకుడికి ఈ చిన్న గింజలో ప్రపంచం దొరుకుతుంది.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టం చేసింది. ఆ తర్వాత వచ్చిన కవితల్లో, వ్యాసాల్లో చాలా భాగం కూలిన చెట్ల మీద విలాపం. విలాపం అబద్ధం కాదు. పాతికేళ్ల చెట్టు పడిపోతే రైతుకు బిడ్డ పోయినంత బాధ. నష్టాన్ని చెట్టు లెక్కన కట్టారు. రైతుకు అది న్యాయమే. కాని దింపు తీసేవాడికి, పీచు వలిచేవాడికి, తోట కింద గడ్డి కోసుకునే ముసలమ్మకు లెక్క కట్టడానికి చెట్టు లేదు. 1835 పరిహారంతో దీన్ని సమానం చేయను. అక్కడ మనుషులే ఆస్తి. కాని లెక్కల పుస్తకానికి ఒకే గుణం వుంది: దానికి హక్కుదారు కనిపిస్తాడు, చెయ్యి కనిపించదు. ప్రభుత్వ లెక్కకు ఆ పరిమితి వుందంటే అర్థం చేసుకోవచ్చు. కవిత్వానికి కూడా అదే పరిమితి ఎందుకుండాలి? ఇదే తోటల నీడలో రైతులను, రైతుకూలీలను దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి తింటున్నది. మరో కోనసీమ అనే మాటలో ఆ మనిషికి చోటు లేదు.

6

అయితే అందాన్ని వదులుకోవాలా? కొబ్బరితోటలో వెన్నెల గురించి రాయడం నేరమా? కాదు. అందాన్ని శత్రువుకు అప్పగించి కరువుభాషలో రాయడం వల్ల అభ్యుదయ సాహిత్యం ఎన్నోసార్లు నష్టపోయింది. సెథె చెట్ల అందాన్ని కాదనలేదు. ఆ అందం దేన్ని కప్పుతున్నదో గుర్తించి సిగ్గుపడింది. ఆ సిగ్గు కళకు శత్రువు కాదు, దానికి పునాది. తోట పెంచినవాడికి కూడా తోట అందంగానే వుంటుంది. అతడి కంటితో చూసిన అందం మన సాహిత్యంలో ఇంకా పూర్తిగా రాలేదు.

తోటలను చూసే పద్ధతుల్లో రెండు తప్పుదారులున్నాయి. ఒకటి దుష్యంతుడిది: చాటుగా చూసి, తనకు నచ్చిన చేతిని మాత్రమే గుర్తించడం. రెండోది వర్జినీది: జాలిపడి, కన్నీరు కార్చి, బానిసను యజమానికే అప్పగించి, తన మనసు తేలికపరచుకోవడం. మొదటిది ఫోటో తీసుకుంటుంది. రెండోది ఫోటో కింద ఒక విచారవాక్యం రాస్తుంది. రెండింటి తర్వాత కూడా తోట ఎలా వుండేదో అలాగే వుంటుంది.

మూడో దారి లెక్క అడగడం. ఈ నేల ఎవరి పేర వుంది, ఎప్పటి నుంచి? పని చేసినవాడు ఏ కట్టుతో వచ్చాడు - సంకెలతోనా, ఒప్పందంతోనా, అప్పుతోనా, కులంతోనా? ఫలం ఎవరికి పోయింది? వాడి పేరు ఎక్కడ రాశారు, రాయకపోతే ఎందుకు రాయలేదు? పాంప్లెమూస్‌కైనా, బగాన్ డాటోకైనా, మందస కొండకిందికైనా ఈ ప్రశ్నలు సరిపోతాయి. జవాబులు మాత్రం ఎక్కడికక్కడ వేరుగా వుంటాయి. ఆ వేరును గౌరవించడమే చరిత్ర తెలిసిన విమర్శ లక్షణం.

మన రచయితల ముందు పని చాలా వుంది. రంగం వెళ్లి 1942లో అడవులు పడి నడిచి వచ్చినవాళ్ల బిడ్డలు మన వూళ్లలో వున్నారు. కంబారితనం చేసిన ముసలివాళ్లు కొందరు ఇంకా మాట్లాడగలరు. బడుల్లో పిల్లలకు ఉద్యానవర్ణన చెప్పే మనం, పద్యం అయిపోయాక ఒక ప్రశ్న వేయవచ్చు: ఈ తోటకు నీళ్లెవరు పోశారు? ఉద్దానం పిల్లలకు ఆ జవాబు కోసం నిఘంటువు చూడనక్కర్లేదు. ఇంటికి వెళ్లి అవ్వను అడిగితే చాలు. ఆ అవ్వ చెప్పేదాన్ని రాసుకోవడం మన సాహిత్యోద్యమం తక్షణం చేపట్టవలసిన పని. ఆమె ఎల్లకాలం వుండదు.